ఒంటికి పట్టని నీళ్లు

దసరా సెలవులు అయిపోయే ముందు ఆదివారం మా నాయనమ్మ పిల్లలందరినీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టేది. చేతిలో ఆముదం పోసిన ఇత్తడి ఉగ్గుగిన్నె. పక్కన గిన్నెలో వేడి అల్లం రసం, చెంగున బెల్లం ముక్కలు. "ముక్కు మూసుకో బిడ్డా, గుటుక్కున మింగు" అనేది. మింగాక బెల్లం ముక్క నోట్లో పెట్టేది. ఆ రోజు ఆట లేదు, పొలం లేదు. మధ్యాహ్నం మిరియాల చారుతో మెత్తటి అన్నం. పొద్దు వాలాక మజ్జిగన్నం తింటే కడుపు కట్టుకునేది.

నాకు బాగా గుర్తున్నది ఆముదం రుచి కాదు, ఆమె కొలత. అందరికీ ఒకే గిన్నె, కానీ ఎవరి పాలు వారిది. నాకు సగం, మా అన్నకు నిండుగా, మా చిన్న చెల్లెకు అసలు లేదు, వేడి పాలతో సరి. "దానిది మెత్త కడుపు. వీనిది మొండి కడుపు. ఒక్క తీరుగ పోస్తే ఎట్ల?" అనేది.

మాది దేవరకొండ వైపు పల్లె. ఎర్ర చెల్కల్లో వాన పడితే జొన్న, కంది, ఆముదం. అప్పుడు నల్లగొండ, పాలమూరు జిల్లాలంటే ఆముదాల సీమలే. గెలలు కోసి, ఎండబెట్టి, కాయ కొట్టి గింజ తీసేవారు. ఎక్కువ గానుగకో, బేరగానికో పోయేది. గానుగ ఆముదం దీపానికి, బండి ఇరుసుకు. ఒంట్లోకి పోయేది మాత్రం వంటాముదం. దాన్ని నాయనమ్మ తన చేత్తోనే వండేది. మంగలంలో గింజలు దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను పెద్ద కుండలో నీళ్లు పోసి ఉడికించేది. కాసేపటికి పైకి నూనె తేలేది. గరిటెతో మెల్లగా ఆ నూనెను మాత్రమే వేరే గిన్నెలోకి ఎత్తి, మళ్లీ పొయ్యి మీద పెట్టేది. చిటపట శబ్దం వస్తున్నంతసేపూ అందులో నీరున్నట్టు. ఆ చప్పుడు ఆగిపోయాక దించేది. ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుందని, అది నూనెలో కలవదని, వేడికి చచ్చిపోతుందని నేను నర్సింగ్ చదువులో తెలుసుకున్నాను. నాయనమ్మకు ఆ పేరు తెలియదు. పచ్చి గింజ నమిలితే ప్రాణం పోతుందని తెలుసు. గింజలు ఆరబోసిన చోటికి పిల్లల్ని రానిచ్చేది కాదు.

ముప్పై ఐదేళ్ల ఉద్యోగంలో సగానికి పైగా నేను ఎండోస్కోపీ గదిలో గడిపాను. పెద్దపేగులోకి స్కోపు పంపే ముందు ఆ పేగును శుభ్రం చేయించడం నా పని. ఆ పనికి ఇంత పాత చరిత్ర ఉందని చాలాకాలం నాకు తోచలేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే, మా అరుగు మీది ఉగ్గుగిన్నె నుంచి ఆసుపత్రి జగ్గు దాకా ఒకటే దారి అని అర్థమైంది. మధ్యలో ఆ దారి చాలాచోట్ల తప్పింది కూడా.

పాతదంటే ఎంత పాతది? ఈజిప్టులో క్రీస్తుకు 1500 ఏళ్లకు పైగా ముందు రాసిన ఎబర్స్ పత్రంలో కడుపు శుద్ధికి ఆముదం గింజ ఉంది. మన చరక సంహితలో విరేచనానికి ఒక శాస్త్రమే ఉంది. మందుల్లో మొదటి పీట తెగడ వేరుది, సంస్కృతంలో త్రివృత్తు. ముందు నెయ్యి తాగించి, చెమట పట్టించి, ఆ తర్వాతే మందు. మందు పని అయ్యాక ఒక్కసారిగా అన్నం పెట్టరు. పల్చటి గంజి, తర్వాత చిక్కటి జావ, తర్వాత కట్టు, ఆ పైన అన్నం. ఎన్నిసార్లు అయితే ఎంత శుద్ధి అన్న లెక్క కూడా రాశారు. 10 సార్లయితే తక్కువ, 20 అయితే మధ్యమం, 30 అయితే ఉత్తమం. ఎక్కడ ఆగాలన్నదానికీ గుర్తు చెప్పారు. చివరికి జిగురు కఫం పడితే చాలు, కోష్ఠం, అంటే కడుపు, ఖాళీ అయినట్టే.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను నిలబెట్టేసినది ఇంకొకటి. మందు ఎంచుకునే ముందు రోగి కోష్ఠం ఎలాంటిదో చూడమని వాళ్లు చెప్పారు. మృదు కోష్ఠం, మధ్యమ కోష్ఠం, క్రూర కోష్ఠం. మృదు కోష్ఠానికి పాలు, చెరకు రసమే సరిపోతాయి. క్రూర కోష్ఠం గట్టి మందుకు కూడా లొంగదు. ఇది చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అక్షరం రాని మా నాయనమ్మ నోట విన్న మెత్త కడుపు, మొండి కడుపు ఇవే కదా.

కింద నుంచి కడిగే పద్ధతికి మనవాళ్లు పెట్టిన పేరు వస్తి. వస్తి అంటే మూత్రాశయం. ఎద్దు, గేదె, మేక వంటి జంతువుల మూత్రాశయాన్ని శుభ్రం చేసి సంచిలా వాడి, దానికి గొట్టం కట్టి, మందునీళ్లు ఎక్కించేవారు. పరికరం పేరే చికిత్స పేరైంది. ఆ సంచి పోయి ఎనామిల్ డబ్బా, రబ్బరు గొట్టం వచ్చాయి. పని అదే.

ఇంగ్లీషు వైద్యంలోనూ చాలాకాలం జులాబే రాజు. ఇంగ్లండులో ఎప్సమ్ అనే ఊరి చేదు నీళ్లలోని ఉప్పు గురించి 1695లో నెహెమయా గ్రూ పుస్తకం రాశాడు. అదే మన కొట్లలో భేది ఉప్పుగా అమ్ముడుపోయింది. 19వ శతాబ్దం చివరికి పేగులోని మలం రక్తంలోకి విషం ఎక్కిస్తుందన్న భయం యూరప్, అమెరికాల్లో ఊరేగింది. లండన్‌లో ఆర్బత్నాట్ లేన్ అనే పేరున్న సర్జన్ ఆ భయంతోనే మలబద్ధకం ఉన్నవాళ్ల పెద్దపేగునే కోసి తీసేశాడు. 1919లో వాల్టర్ అల్వారెజ్ అనే వైద్యుడు ఆ సిద్ధాంతాన్ని గట్టిగా ఖండించాడు. పేగు నిండుగా సాగి ఒత్తుకోవడం వల్ల వచ్చే నలతే అది, విషం కాదన్నాడు. ఇటు మన దగ్గర, జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. గాంధీగారు ఆయన తొట్టిస్నానాలను, వాటితో పాటు మట్టిపట్టీలను, ఎనిమాను నమ్మారు. మా చిన్నాయన ఇంట్లో ఎనిమా డబ్బా గోడకు మేకుకు వేలాడేది. చిన్నాయనంటే నాకు ప్రేమే. అయినా నా మాట ఇది: పేగు మురికి కాలువ కాదు. నెలనెలా కడగాల్సిన పని దానికి లేదు. దాని లోపలి గోడను కళ్లతో చూడాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం కడగాల్సిందే, అదీ పూర్తిగా.

నేను 1972లో ట్రైనింగ్‌లో చేరినప్పుడు పెద్దపేగును చూడ్డానికి మాకున్నది బేరియం ఎక్స్‌రే. ముందురోజు రాత్రి 30 మిల్లీలీటర్ల ఆముదం, తెల్లవారి సబ్బునీళ్ల ఎనిమా. కేసు షీటులో డాక్టరు రాసేది ఒకటే వాక్యం: నీళ్లు తేటగా వచ్చేదాకా ఇవ్వాలి. ఆ ఒక్క వాక్యం వెనక ఎంత పని ఉందో రాసినవాళ్లకు తెలియదు. సబ్బు బిళ్ల గీకి వేడినీళ్లలో కరిగించి, పైన నురుగంతా తీసేయాలి. మంచం మీద మెకింటాష్ రబ్బరు గుడ్డ పరచాలి. రోగిని ఎడమ పక్కకు తిప్పి, కుడి మోకాలు పొట్టకు ముడిపించాలి. గొట్టంలో గాలి పోయేదాకా కొంచెం నీళ్లు వదలాలి, లేకపోతే కడుపులో గాలి తిరిగి మెలిపెడుతుంది. వాసెలిన్ రాసి, "నోటితో గాలి పీల్చు పెద్దమ్మా" అంటూ మెల్లగా పంపాలి. డబ్బా ఎత్తు పెంచితే నీళ్లు వేగంగా పోతాయి, రోగి కేక పెడుతుంది. దించితే నెమ్మదిస్తాయి. ఆ చేతి ఎత్తులోనే నర్సు మనసు తెలుస్తుంది. నలభై పడకల వార్డుకు రెండు మరుగుదొడ్లు. రాత్రి ఆముదం తాగి, పొద్దున గోడ పట్టుకుని లైన్లో నిలబడ్డ ముసలివాళ్లు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నారు. డ్యూటీ మారేటప్పుడు పైసిస్టర్ అడిగేది ఒకటే: "రిజల్ట్ వచ్చిందా?" రోగికి ఎలా ఉందని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

ఆముదం అసలు ఏం చేస్తుందో తెలిసింది మొన్నమొన్ననే. పేగులోకి పోయాక అది రిసినోలిక్ ఆమ్లంగా విడిపోతుంది. ఆ ఆమ్లం పేగు కండరాల మీద ఉండే ఈపీ3 అనే గ్రాహకాన్ని తట్టిలేపుతుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. అదే గ్రాహకం గర్భసంచి కండరంలోనూ ఉంది. నొప్పులు రాని చూలాలికి మా ఊరి మంత్రసాని ఆముదం తాగించడం వెనక కారణం అదే. అంటే ఆముదం కడగదు, పేగును పిండుతుంది. ఒకరకంగా కొరడా దెబ్బ.

ఈలోగా చూసే కన్ను మారింది. మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో లండన్‌లో హాప్‌కిన్స్‌తో కలిసి, గాజు పోగుల కట్టలోంచి బొమ్మను వంపులు తిప్పి పంపవచ్చని చూపించారు. 1957లో హిర్షోవిట్జ్ ఆ గాజు పోగులతో కడుపులోకి చూసే గొట్టం చేశాడు. 1969లో న్యూయార్క్ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, జపాన్ నుంచి వచ్చిన హిరోమీ షిన్యా కలిసి పెద్దపేగు మొత్తం చూడటం మొదలుపెట్టారు. ఆ ఏడే షిన్యా తీగ ఉచ్చుతో పేగులోని పిలకను, అంటే పాలిప్‌ను, కోసి తీశాడు. పొట్ట కోయకుండా. క్యాన్సరుగా మారబోయేదాన్ని ముందే తుంచేయడం అలా మొదలైంది. బేరియం ఎక్స్‌రేకు కాస్త మలం మిగిలినా ఏదో సర్దుకునేవారు. స్కోపుకు ఆ సర్దుబాటు లేదు. గోడకు అంటిన పల్చటి పొర చాలు, దాని కింద ఒక పిలక దాక్కుంటుంది.

దాంతో కడిగే పద్ధతి వెతుకులాట మొదలైంది. ఈ భాగమే నాకు అన్నిటికన్నా ఇష్టం.

1973లో ఇంగ్లండులో పేగు ఆపరేషన్లకు ముందు ఒక పద్ధతి పెట్టారు. ముక్కులోంచి గొట్టం వేసి, రోగిని కమోడు కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పునీళ్లు లీటర్లకు లీటర్లు, పదికి పైగా లీటర్లు వదలడం. పేగు అద్దంలా తేటపడేది. కానీ ఆ ఉప్పు, నీరు ఒంటికి పట్టి బరువు పెరిగేది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు తట్టుకోలేరు. తర్వాత మానిటాల్ వచ్చింది. తియ్యటి చక్కెర లాంటిది, పేగు దాన్ని పీల్చుకోదు, తనవైపుకి నీళ్లు లాగుతుంది. మా దగ్గర మెదడు వాపుకు నరంలోకి ఎక్కించే 20 శాతం మానిటాల్ సీసానే నిమ్మరసం కలిపి తాగించేవాళ్లం. తాగడానికి తేలిక, వెల తక్కువ. కానీ పేగులోని సూక్ష్మజీవులు దాన్ని తిని హైడ్రోజన్, మీథేన్ వాయువులు పుట్టిస్తాయి. 1979లో ఫ్రాన్స్ వైద్యులు ఒక ఘోరం ప్రకటించారు. మానిటాల్ తాగిన రోగికి పిలకను కరెంటుతో కాల్చి తీస్తుండగా పేగులో పేలుడు జరిగి ప్రాణం పోయింది. ఆ సంగతి చదివి చెప్పిన మా డాక్టరుగారి గొంతు వణికింది. ఆ రోజు నుంచి మా గదిలో మానిటాల్ తాగినవాళ్లకు కరెంటు తీగ వాడలేదు.

1980లో అమెరికాలోని డాలస్ నుంచి డేవిస్, శాంటా ఆనా, మొరావ్‌స్కీ, ఫోర్డ్‌ట్రాన్ కొత్త ద్రావణం ప్రకటించారు. ఫోర్డ్‌ట్రాన్ పేగు ఉప్పును, నీటిని ఎలా పీల్చుకుంటుందో ఏళ్ల తరబడి చదివిన మనిషి. పేగు పీల్చుకోలేని పాలీఇథిలీన్ గ్లైకాల్ (మా మాటల్లో పెగ్), దానికి జతగా పేగు సులువుగా తీసుకోని సోడియం సల్ఫేటు, ఇంకొన్ని లవణాలు సరిపాళ్లలో కలిపారు. నాలుగు లీటర్లు తాగితే నాలుగు లీటర్లూ బయటికి వచ్చేస్తాయి. ఒంటి నీరు తగ్గదు, పెరగదు. పేగును పిండటం లేదు, ఒంటికి నీరు పట్టించడం లేదు. ఊరికే పై నుంచి కిందికి కడుక్కుంటూ పోతుంది.

ఇది చదివినప్పుడు నాకు ఓఆర్‌ఎస్ గుర్తొచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు పొట్లాలు నీళ్లలో కలిపి కలరా రోగులకు పంచారు. పది మందిలో ముగ్గురు పోయే చోట చావులు నూటికి నలుగురి లోపుకు దిగాయి. ఆ కిటుకు గ్లూకోజుది. అది సోడియాన్ని చేయిపట్టుకుని పేగు గోడ దాటిస్తుంది, వెంట నీళ్లూ పోతాయి. పిల్లల వార్డులో నేను స్పూనుతో పట్టించిన ఓఆర్‌ఎస్ ఒంటికి పట్టే నీళ్లు. ఎండోస్కోపీ గదిలో జగ్గుతో ఇచ్చిన పెగ్ ఒంటికి పట్టని నీళ్లు. పేగు ఏం పీల్చుకుంటుంది, ఏం వదిలేస్తుంది అన్న ఒక్క ప్రశ్నకు రెండు వైపుల నుంచి దొరికిన జవాబులు ఇవి. ఒకటి విరేచనాన్ని జయించింది, ఒకటి విరేచనాన్నే మందుగా మలిచింది. నా చేతుల మీదుగా రెండూ పోయినందుకు నాకు గర్వంగా ఉంటుంది.

అయితే నాలుగు లీటర్లు తాగడం మాటలు కాదు. ఉప్పు ఉప్పుగా, కుళ్లిన గుడ్డు వాసన. చాలామంది సగంలో వదిలేసేవారు. అందుకే 1990ల్లో సోడియం ఫాస్ఫేటు అందరికీ నచ్చింది. చిన్న సీసాలు రెండు, ఒక్కోటి 45 మిల్లీలీటర్లు. రాత్రి ఒకటి, పొద్దున ఒకటి. ఒంట్లోని నీళ్లనే పేగులోకి లాగి కడుగుతుంది.

మా మేనమామకు అదే ఇచ్చారు. 2005వ సంవత్సరం, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఆయనకు 71 ఏళ్లు, బీపీ గోళీలు వాడుతున్నాడు. పరీక్ష అంటే ఉపవాసం అనుకుని మంచినీళ్లు కూడా సరిగా తాగలేదు. తాగాలని ఎవరూ చెప్పలేదు. బీపీకి ఏం వాడుతున్నావని, మూత్రపిండాల పరీక్ష చేయించావా అని ఒక్కరూ అడగలేదు. రెండు నెలల తర్వాత కాళ్లు ఉబ్బితే చూపించారు. క్రియాటినిన్ నాలుగు దాటింది. ఏడాదిలో డయాలసిస్. బయాప్సీ చేయలేదు కాబట్టి ఆ సీసాలదే తప్పని నేను ప్రమాణం చేయలేను. కానీ సరిగ్గా ఆ ఏడాదే న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయం వైద్యులు ఆ మందు తాగాక మూత్రపిండాల గొట్టాల్లో కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాలు పేరుకుపోయిన 21 మంది గురించి రాశారు. 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు మీద గట్టి హెచ్చరిక పెట్టింది. మా మామకు ఆ హెచ్చరిక మూడేళ్లు ఆలస్యం. "కడుపు కడగమంటే కిడ్నీలు కడిగిన్రు బిడ్డా" అన్నాడు ఒకసారి, డయాలసిస్ మంచం మీద. నేను ఏమీ అనలేకపోయాను.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. డాక్టరు రాసిందే ఇచ్చినా, నా ప్రశ్నలు ముందు నేను అడిగేదాన్ని. గుండె జబ్బుందా? కిడ్నీలు ఎలా ఉన్నాయి? ఏం గోళీలు? మామూలుగా రోజూ విరేచనం అవుతుందా, మూడు రోజులకోసారా? ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, బయటికి పోవాలా? చివరి ప్రశ్నకు కొత్త డాక్టర్లు ఆశ్చర్యపోయేవారు. ఊళ్లో జగ్గు తాగి ఆరు గంటల బస్సులో వచ్చిన మనిషి అవస్థ చూసి ఉంటే ఆశ్చర్యపోరు. మలబద్ధకం ఉన్నవాళ్లకు పెగ్‌తో పాటు ముందు రెండు రోజులు బిసాకొడిల్ గోళీ కూడా కావాలి. కిడ్నీలు బాగాలేనివాళ్లకు భేది ఉప్పు జాతి మెగ్నీషియం మందులు వద్దు. రక్తానికి వేసుకునే ఐరన్ గోళీ కనీసం ఐదు రోజుల ముందే ఆపాలి, లేకపోతే నల్లటి జిగురు గోడకు పట్టుకుంటుంది. జామ గింజ, టమాటా తొక్క, గోంగూర పీచు వద్దు. ఎందుకంటే స్కోపు చివరనున్న సన్నటి రంధ్రంలోంచే మిగిలిన నీళ్లు పీల్చాలి. ఒక్క జామ గింజ అందులో ఇరుక్కుంటే స్కోపు బయటికి తీసి కడిగి మళ్లీ వేయాలి. అలా రెండుసార్లు కడుపులో గొట్టం తిరిగిన మనిషి బాధ ఒక్క జామకాయది.

పూర్వం మూడు రోజులు నీళ్లాహారమే అనేవాళ్లం. ఇప్పుడు ముందురోజు పగలు మెత్తటి తెల్లన్నం, మజ్జిగ తినవచ్చంటున్నారు. నాయనమ్మ పెట్టిన పథ్యమే. అన్నిటికన్నా పెద్ద మార్పు సమయంలో వచ్చింది. మొత్తం మందు రాత్రే తాగేస్తే, తెల్లారేసరికి చిన్నపేగు నుంచి పైత్యపు జిగురు దిగి పెద్దపేగు మొదటి భాగం మీద పూతలా పడుతుంది. చదునుగా ఉండే పిలకలు దాక్కునేది సరిగ్గా అక్కడే. అందుకని సగం రాత్రి, సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు. తాగడం మాత్రం రెండు గంటల ముందే ముగించాలి. 2014లో అమెరికా నిపుణుల సంఘాలు ఇదే ఖాయం చేశాయి. 2009 నుంచి బోస్టన్ కొలత అని ఒకటి ఉంది. పేగును మూడు భాగాలు చేసి ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం తొమ్మిది. తొమ్మిదికి తొమ్మిది వచ్చిన రోజు నేను రోగి దగ్గరికి పోయి చెప్పేదాన్ని. ఆ కష్టం వాళ్లది.

"ఎప్పుడు ఆపాలి సిస్టరమ్మా?" అని అందరూ అడిగేవారు. పుస్తకంలో తేటగా, లేత పసుపుగా అని ఉంటుంది. మా జిల్లా రైతులకు అలా చెబితే అర్థం కాదు. బోరు వేయించిన మనిషికి బోరు భాషలో చెప్పేదాన్ని. "మొదలు ఎర్రమట్టి నీళ్లొస్తయి గద, తర్వాత మురికి నీళ్లు, తర్వాత తేట. మురికి నీళ్లకే మోటరు ఆపకు." వెంటనే తల ఊపేవారు.

నిరుడు నా వంతు వచ్చింది. మలంలో రక్తం కనిపిస్తే స్కోపు చేయించమన్నారు. వయసు 70 దాటింది, బీపీ ఉంది. ఒక కొత్త అమ్మాయి, నర్సు, ఎదురుగా కూర్చుని ప్రశ్నలన్నీ అడిగింది. కిడ్నీ రిపోర్టు చూసింది. ఏది తాగగలవమ్మా అని అడిగింది. రెండు లీటర్ల పెగ్, రెండు విడతలు అన్నాను. పాకెట్ చల్లటి నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను, చల్లగా ఉంటే వాసన తగ్గుతుంది. పదిహేను నిమిషాలకొక గ్లాసు, మధ్యలో నిమ్మచెక్క చీకుతూ. తెల్లవారి నాలుగింటికి రెండో విడత మొదలుపెట్టాను. ఇల్లంతా నిద్రపోతోంది. వంటింటి గట్టు మీద జగ్గు, గ్లాసు, ఒక బెల్లం ముక్క. బెల్లం ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు.

ఆరింటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఎట్లొస్తున్నయమ్మా?"

"బోరు తేటపడ్డది బిడ్డా" అన్నాను. పట్నంలో పుట్టిన పిల్ల, అర్థం కాక మళ్లీ అడిగింది.